ప్రైవేటు విమానంలో ప్రపంచయాత్ర: బయలుదేరే ముందు పెద్దవాళ్లు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఈ రెండు మూడేళ్లుగా నా దగ్గరికి కొత్త తరహా ప్రయాణికులు వస్తున్నారు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు పరిశ్రమ నడిపి పిల్లలకు అప్పగించినవారు, తిరుపతిలో నలభై ఏళ్లు వైద్యం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, అమెరికాలో ఉన్న కొడుకో కూతురో షష్టిపూర్తి కానుకగా టికెట్టు కొనిపెట్టిన తల్లిదండ్రులు. చేతిలో నున్నటి కాగితాల పుస్తకం ఉంటుంది. అందులో మచు పిచ్చు, ఈస్టర్ దీవి, గ్రేట్ బారియర్ రీఫ్, ఆంగ్కోర్, తాజ్ మహల్, సెరెంగెటి, పెట్రా, మరాకేష్. మూడు వారాలకు పైగా సాగే యాత్ర. రెండు వందల మందికి పైగా పట్టే విమానంలో సీట్లు మార్చి, యాభై నుంచి ఎనభై మందిని మాత్రమే కూర్చోబెడతారు. ఒక్కరికి అయ్యే ఖర్చు లక్ష డాలర్లకు పైమాటే.

తిరుపతిలో ఇరవై ఏళ్లుగా పాస్‌పోర్టులు, వీసాలు, ప్రయాణ ఏర్పాట్లు చూస్తున్నాను. ఈ యాత్రకు వెళ్లేవారిని చూస్తే సంతోషంతో పాటు కొంచెం భయం కూడా వేస్తుంది. విమానంలో కాళ్లు బారజాపుకుని పడుకునే సీటు, పక్కనే సహాయకులు, తోడుగా ఒక వైద్యుడు. ఇన్ని చూసి యాత్ర అంతా ఆ సీటులాగే మెత్తగా ఉంటుందని నమ్మేస్తారు. దిగిన తరువాత నడవవలసినవి మాత్రం వేల ఏళ్ల నాటి రాళ్లు, ఎత్తయిన కొండలు, ఎడారి లోయలు. డబ్బు వరుసలను తప్పిస్తుంది. ఎత్తునూ ఎండనూ వరదనూ తప్పించలేదు.

అన్నిటికంటే ముందు కుస్కో గురించి చెప్పాలి. పెరూ దేశంలో మచు పిచ్చుకు వెళ్లే దారిలో ఉన్న ఆ నగరం సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. మన తిరుమల వెయ్యి మీటర్ల లోపే. "ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతాను, నాకేం భయం?" అని ప్రతి పెద్దాయనా అడుగుతారు. ఆ అలవాటు మోకాళ్లకూ గుండెకూ మంచిదే, బయలుదేరే ముందు మూడు నెలలు తప్పక కొనసాగించండి. కానీ కుస్కోలో సమస్య మెట్లది కాదు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందే దానిలో మూడింట రెండు వంతులే. తీరాన ఉన్న లీమాలో విమానమెక్కితే గంటన్నరలో కుస్కోలో దిగుతారు. సర్దుకోవడానికి శరీరానికి వ్యవధే ఉండదు. కండబలం ఉన్నవారికీ, రోజూ వ్యాయామం చేసేవారికీ ఈ ఎత్తు జబ్బు వస్తుంది. దిగిన కొన్ని గంటలకు తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి.

నేను పంపిన ఒక పెద్దాయన కుస్కోలో మొదటి రాత్రి తలనొప్పిని ఎవరికీ చెప్పలేదు. అంత డబ్బు పోసి వచ్చాక గదిలో పడుకుంటే కూతురు నొచ్చుకుంటుందని ఆయన బాధ. మరునాడు పొద్దున నడకలో తూలుతుంటే భార్య గమనించి బృందంలోని వైద్యుడికి చెప్పారు. వెంటనే ప్రాణవాయువు పెట్టి కిందికి దించారు, గండం గడిచింది. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్న చోటే ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఎత్తు తగ్గాలి. ఈ ఒక్క మాట భార్యాభర్తలిద్దరికీ కంఠస్థం కావాలి. ఎందుకంటే మెదడుకు ప్రాణవాయువు తగ్గినవారికి తమ పరిస్థితి తమకు తెలియదు, పక్కవారే కనిపెట్టాలి.

వీలైతే మొదటి రాత్రి కుస్కోలో కాకుండా, దానికంటే దిగువన ఉన్న ఉరుబాంబా లోయలో బస ఇవ్వమని నిర్వాహకులను ముందే అడగండి. మచు పిచ్చు ఇంకా దిగువన, సుమారు 2,430 మీటర్ల ఎత్తులోనే ఉంది. అసెటజోలమైడ్ అనే మాత్రను ఎత్తుకు వెళ్లే ముందు రోజు నుంచి వేసుకోవచ్చునా అని మీ వైద్యుడిని అడగండి. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల సమస్య ఉన్నవారు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. స్టెంటు వేయించుకున్నవారు, రక్తహీనత ఉన్నవారు స్విమ్స్ వంటి పెద్దాసుపత్రిలో గుండె వైద్యుడికి ప్రయాణ క్రమమంతా చూపించి సలహా తీసుకోవాలి. "విదేశాలకు వెళ్తున్నాం" అంటే వైద్యుడికి సరిపోదు. "3,400 మీటర్ల ఎత్తులో రెండు రాత్రులు ఉంటాం" అని చెప్పాలి.

కుస్కో హోటళ్లలో కోకా ఆకుల టీ ఇస్తారు. అక్కడ అది చట్టబద్ధం. ఆ టీ పొట్లాన్ని గుర్తుగా సంచిలో వేసుకుని మరో దేశంలో దిగితే మాదకద్రవ్యాల కేసులో ఇరుక్కుంటారు.

పెరూ విషయంలోనే మరో చిక్కు ఉంది. పసుపు జ్వరం వచ్చే దేశాల జాబితాలో పెరూ ఉంది. ఆ జ్వరం అమెజాన్ అడవుల వైపే అయినా, మీరు కుస్కో తప్ప మరేదీ చూడకపోయినా, సరిహద్దు అధికారులు చూసేది దేశం పేరునే. టీకా పత్రం లేకుండా అలాంటి దేశం నుంచి బయలుదేరిన ఆరు రోజుల లోపు భారతదేశంలో దిగితే క్వారంటైన్‌లో ఉంచుతారు. యాత్ర మామూలుగా సాగితే ఇక్కడికి చేరేసరికి ఆ ఆరు రోజులు గడిచిపోవచ్చు. కానీ ఒంట్లో బాగాలేక పెరూ నుంచే నేరుగా ఇంటికి రావలసి వస్తే? విశ్రాంతి అవసరమైన సమయంలో క్వారంటైన్. పైగా దారిలోని టాంజానియా వంటి దేశాలూ ఆ పత్రం అడుగుతాయి. మనకు దగ్గరలో చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో, చెన్నై పోర్ట్ హెల్త్ కార్యాలయంలో ఈ టీకా వేస్తారు. వేయించుకున్న పది రోజుల తరువాతే పత్రం చెల్లుతుంది, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. అరవై దాటినవారికీ, గుడ్డు పడనివారికీ ఈ టీకాలో ప్రమాదం ఉంది కాబట్టి చివరి వారానికి వదిలేయకుండా రెండు నెలల ముందే వైద్యుడితో మాట్లాడండి.

ఇక రోజూ వేసుకునే మందులు. పడమటి దిక్కుగా సాగే యాత్రలో ఒక్కో ప్రయాణపు రోజు ఇరవై నాలుగు గంటల కంటే సాగుతుంది. పసిఫిక్ మధ్యలో తేదీ రేఖ దాటగానే క్యాలెండర్‌లో ఒక తేదీ ఏకంగా మాయమవుతుంది. ఏకాదశి ఉపవాసం ఉండేవారు ఏ రోజు ఉండాలని నన్ను అడుగుతారు. అది మీ ఆచార్యులను అడిగి ముందే రాసుకోండి. ఇన్సులిన్, రక్తం పలచబరిచే మందు వాడేవారికి మాత్రం ఇది ప్రాణం మీదికి వచ్చే లెక్క. ఏ దేశంలో ఎన్ని గంటలకు ఎంత మోతాదో ఒక పట్టికగా వైద్యుడితో రాయించుకోండి. ఇన్సులిన్‌ను సామాను పెట్టెలో వేయకూడదు, సరుకుల అరలో గడ్డకట్టి పాడైపోవచ్చు. చేతిసంచిలోనే ఉండాలి. చీటీ మీద మందు అసలు పేరు ఉండాలి, మన దగ్గరి కంపెనీ పేరు బయట ఎవరికీ తెలియదు. ట్రమడాల్ వంటి నొప్పి మందులపై ఈజిప్టులో కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. మోకాలి నొప్పికి ఇక్కడ మందుల దుకాణంలో ఇచ్చే పొట్లంలో ఏమున్నదో చూడకుండా పట్టుకెళ్లవద్దు.

నేను మా ప్రయాణికులకు నేర్పిన ఉపాయం ఒకటి చెబుతాను. ఈ యాత్రలో సగం దారిలో ఆగ్రా వస్తుంది. మొత్తం రోజులకు సరిపడా మందులు వెంట ఉంచుకుంటూనే, మరో జత కట్టి కొడుకుకో తమ్ముడికో ఇచ్చి ఆగ్రాకు రమ్మనండి. పోయిన మందులు, పగిలిన కళ్లజోడు అన్నీ అక్కడ సరిచేసుకోవచ్చు. ఒంట్లో బాగా లేకపోతే యాత్ర అక్కడితో ఆపి ఇంటికి రావడం కూడా అక్కడి నుంచే తేలిక. తాజ్ మహల్‌కు శుక్రవారం సెలవు, మీ తేదీ దానిమీద పడుతుందేమో చూడండి.

మన ఊరివాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసింది ప్రసాదం గురించి. తిరుపతి నుంచి బయలుదేరి లడ్డు లేకుండా ఎక్కడికీ వెళ్లం. కానీ ఆస్ట్రేలియా, చిలీ సరిహద్దుల్లో ఆహారం మీద తనిఖీ చాలా కఠినం. నెయ్యి, పాలతో చేసినవి, గింజలు, పండ్లు, తులసి దళాలు, పూలు అన్నీ ముందుగానే పత్రంలో రాసి చూపించాలి. రాయకపోతే భారీ జరిమానా. రాసినా చాలావాటిని తీసుకుని పారేస్తారు. స్వామివారి ప్రసాదం చెత్తబుట్టలో పడటం చూసి ఒక అమ్మగారు విమానాశ్రయంలోనే కన్నీళ్లు పెట్టుకున్నారు. తీసుకెళ్లిన లడ్డు మొదటి మజిలీలోనే తోటి ప్రయాణికులకు పంచేయండి. కుంకుమ భరిణె ఉంచుకోండి, చాలు. అలాగే తిరుగు ప్రయాణం దుబాయ్ మీదుగా అయితే గసగసాలు వేసిన పొడులు, మసాలాలు అసలు వద్దు. అక్కడ గసగసాలు నిషేధం.

జోర్డాన్‌లోని పెట్రాకు వెళ్లేవారు వాన సంగతి ఏమాత్రం తేలికగా తీసుకోకూడదు. ఆ రాతి నగరంలోకి వెళ్లే సీఖ్ అనే ఇరుకు కనుమ సుమారు 1.2 కిలోమీటర్లు, ఇరువైపులా నిలువెత్తు కొండలు. వాన ఎక్కడో కొండల మీద కురుస్తుంది, నీరు మాత్రం ఈ ఇరుకులోకి దూసుకొస్తుంది. 2021 నవంబరులో తిరుమల కొండల మీది నీరు కిందికి దూకి అలిపిరి దారినీ తిరుపతి వీధులనూ ముంచెత్తడం చూసిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. 1963లో అక్కడి వరదలో ఇరవై మందికి పైగా ఫ్రెంచి యాత్రికులు చనిపోయారు. 2018 నవంబరులో వేలమందిని ఖాళీ చేయించారు. మార్గదర్శి వెనక్కి రమ్మంటే ఫొటో కోసం ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. పైనున్న మఠం దాకా ఎనిమిది వందలకు పైగా మెట్లున్నాయి, ఎండ ముదరకముందే ఎక్కి దిగాలి. గాడిద మీద ఎక్కిస్తామంటారు. జారుడు రాళ్ల మీద పెద్దవాళ్లకు నేను దానికి ఒప్పుకోను.

ఈస్టర్ దీవికి చిలీ తీరం నుంచి దూరం 3,500 కిలోమీటర్లకు పైనే. అక్కడ గుండెనొప్పి వస్తే పెద్దాసుపత్రికి విమానంలో గంటలు పడుతుంది. వెంట ఉన్న వైద్యుడు ప్రథమ చికిత్స చేయగలరు, ఆంజియోగ్రామ్ చేయలేరు. కాబట్టి బీమా కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. అత్యవసరంగా విమానంలో తరలించే ఖర్చు అందులో ఉందా, ఇప్పటికే ఉన్న బీపీ, షుగరు, గుండె జబ్బులకు వర్తిస్తుందా. జబ్బు దాచి తీసుకున్న బీమా కాగితం అవసరానికి అక్కరకు రాదు. ఆ దీవిలోని మోయి విగ్రహాలను తాకకూడదు, అవి నిలబడిన రాతి వేదికలు ఎక్కకూడదు. 2008లో ఒక విగ్రహం చెవి విరగ్గొట్టిన పర్యాటకుడికి వేల డాలర్ల జరిమానా పడింది. అక్కడివారికి అవి పూర్వీకులు.

కంబోడియాలోని ఆంగ్కోర్ వాట్ మన మనసుకు దగ్గరైన చోటు. 12వ శతాబ్దంలో విష్ణువు కోసం కట్టిన ఆలయం, తూర్పు మండపం గోడ మీద క్షీరసాగర మథనం. పడమటి గోపురంలో ఎనిమిది చేతుల విగ్రహానికి ఇప్పటికీ స్థానికులు పూజ చేస్తారు. అది చూడగానే కర్పూరం వెలిగించాలనీ, శిల్పాన్ని తాకి కళ్లకద్దుకోవాలనీ చేయి ముందుకు వెళ్తుంది. దయచేసి ఆపుకోండి. మెత్తటి ఇసుకరాయి చేతి చెమటకూ పొగకూ అరిగిపోతుంది. దూరం నుంచే నమస్కరించండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. పై అంతస్తుకు వెళ్లే మెట్లు చాలా నిటారుగా ఉంటాయి, తల తిరిగేవారు కిందనే ఉండిపోవడం మంచిది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. విమానం ప్రత్యేకమైనదైనా వీసా ప్రతి దేశానిదీ మామూలే. ఇలాంటి యాత్రలు చాలావరకు అమెరికా నగరాల్లో మొదలై, కొన్ని మరో దేశంలో ముగుస్తాయి. మీది ఎక్కడ ముగుస్తుందో చూసుకుని ఎక్కువసార్లు ప్రవేశించే వీసాలు తీసుకోండి. పాస్‌పోర్టుకు యాత్ర ముగిశాక ఆరు నెలల గడువు, చాలినన్ని ఖాళీ పేజీలు ఉండాలి. లేకపోతే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ముందే కొత్తది చేయించుకోండి. ఇక్కడి నుంచి డబ్బు పంపేవారికి ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉంది, ప్యాకేజీ మీద టీసీఎస్ అనే పన్ను ముందే వసూలు చేస్తారు. రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. రేటు తరచుగా మారుతోంది కనుక మీ ఆడిటరును అడగండి. ఒప్పందంలో మజిలీ రద్దయితే ఏమిస్తారో చదవండి. 2023 ఆరంభంలో ఆందోళనల వల్ల మచు పిచ్చును కొన్ని వారాలు మూసేశారు. అలాంటప్పుడు డబ్బు వాపసు కాదు, మరో చోటు చూపించి సరిపెడతారు.

అక్టోబరు, నవంబరు, డిసెంబరులలో బయలుదేరేవారు తుపానులను లెక్కలో పెట్టుకోవాలి. 2015 డిసెంబరులో చెన్నై విమానాశ్రయం వరదకు రోజుల తరబడి మూతపడింది, 2023 డిసెంబరులో తుపానుకు మళ్లీ ఆగింది. మీ కోసం ఆ ప్రత్యేక విమానం ఆగదు. యాత్ర మొదలయ్యే నగరానికి మూడు రోజుల ముందే చేరండి, నిద్ర వేళలు కూడా సర్దుకుంటాయి. బ్రహ్మోత్సవాల రోజుల్లో అయితే తిరుపతి దాటడానికే అదనంగా సమయం పెట్టుకోండి.

టాంజానియాలోని సెరెంగెటిలో మలేరియా ఉంది. నివారణ మాత్రలు వెళ్లకముందే మొదలుపెట్టి, వచ్చిన తరువాత కూడా వైద్యుడు చెప్పినన్ని రోజులు వాడాలి. ఇంటికి వచ్చాక అలసిపోయి చాలామంది ఆపేస్తారు. అక్కడి కుట్టే ట్సెట్సీ ఈగలను నీలం, నలుపు రంగులు ఆకర్షిస్తాయి, లేత మట్టి రంగు బట్టలు వేసుకోండి. తిరిగి వచ్చిన వారాల తరువాత, కొన్నిసార్లు నెలల తరువాత కూడా మలేరియా బయటపడవచ్చు. జ్వరం వస్తే మామూలు జ్వరమని గోలీ వేసుకుని పడుకోకుండా ఆసుపత్రికి వెళ్లి, వైద్యుడు అడగకముందే "ఆఫ్రికా నుంచి వచ్చాను" అని చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి.