షుగర్ 300 దాటితే ఆసుపత్రికి పరిగెత్తాలా, ఇంట్లోనే చూసుకోవచ్చా?

మీటర్‌లో 320 కనిపించగానే కొన్ని ఇళ్లలో ఏడుపులు మొదలవుతాయి, ఇంకొన్ని ఇళ్లలో "నిన్న పెళ్లి భోజనం తిన్నాం కదా, అదే దిగుతుందిలే" అని మీటర్ మళ్లీ సంచిలో పడేస్తారు. అంకె ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం. ఆ అంకె వచ్చిన మనిషి ఎలా ఉన్నాడో కూడా చూడాలి.

ముందు చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని, ఇంకో వేలితో మళ్లీ చూడండి. మామిడిపండు కోసిన చేత్తోనే గుచ్చుకుంటే రక్తంలో లేని చక్కెర కూడా మీటర్‌లో కనిపిస్తుంది. డేట్ దాటిన స్ట్రిప్పులనీ నమ్మలేం. రెండోసారి కూడా అంతే వస్తే కారణం వెతకండి: మాత్ర మర్చిపోయారా, మోకాలి నొప్పికో ఆయాసానికో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నారా, మే నెల ఎండలో ఇన్సులిన్ బండి డిక్కీలో ఉండిపోయిందా, ఫ్రీజర్‌లో పెట్టేశారా. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా పారేయాల్సిందే.

తిన్న తర్వాత ఒకసారి 250, 280 వచ్చి మనిషి హుషారుగా ఉంటే, రోజూ వేసుకునే మందు వేసుకుని, నీళ్లు తాగి, మూడు నాలుగు గంటలకు మళ్లీ చూసుకుంటే సరిపోతుంది. టెన్షన్‌లో ఇన్సులిన్ రెండింతలు మాత్రం వేసుకోవద్దు, అర్ధరాత్రి షుగర్ పడిపోతే అది ఇంకా పెద్ద గొడవ. వరుసగా రెండుసార్లు 300 దాటిందంటే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. గర్భిణులకు ఈ లెక్కలు కుదరవు, డాక్టరు చెప్పిన హద్దు దాటగానే అడగాలి.

ఇక ఫోన్లతో కాలయాపన చేయకుండా బయల్దేరాల్సిన సందర్భాలు. షుగర్ ఎక్కువగా ఉండి వాంతులు ఆగట్లేదు, కడుపునొప్పి, ఊపిరి లోతుగా వేగంగా తీస్తున్నారు, నోటి నుంచి పండిన పండు లాంటి వాసన, మాట తడబాటు, మత్తు — వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటే ఇలా అవుతుంది, టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారవని రకం షుగర్) వాళ్లకు ఒక్క రోజులోనే ముదిరిపోవచ్చు. అందుకే వాళ్ల ఇంట్లో కీటోన్ స్ట్రిప్పులు ఉండాలి, 250 దాటినా, ఒంట్లో బాగోలేకపోయినా మూత్రంలో ముంచి చూడాలి. రంగు మధ్యస్థంగానో ముదురుగానో మారితే ఆసుపత్రే. అసలు షుగర్ ఉందనే తెలియని పిల్లలు కూడా ఇలాగే వస్తారు: విపరీతమైన దాహం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బరువు తగ్గడం. కడుపునొప్పి మందు వేస్తూ కూర్చోకుండా ఒక్కసారి వేలు గుచ్చి చూస్తే తేలిపోతుంది.

ఒక చిక్కు ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్లకు షుగర్ 200 దగ్గరే ఉన్నా కీటోన్లు పెరగొచ్చు. మీ మాత్రల అట్ట మీద ఆ పేర్లున్నాయేమో ఇప్పుడే చూసుకోండి, ఉంటే వాంతులు మొదలైనప్పుడు "షుగర్ బాగానే ఉందిగా" అని కూర్చోవద్దు.

వయసు మళ్లినవాళ్ల విషయం వేరు, వాళ్లలో షుగర్ సమస్య నెమ్మదిగా, రోజుల తరబడి ముదురుతుంది. జ్వరమో మూత్రంలో ఇన్ఫెక్షనో వస్తుంది, మాటిమాటికీ మూత్రానికి వెళ్తారు, నీళ్లు తాగరు, ఒళ్లు ఎండిపోతుంది, షుగర్ 600 దాటేస్తుంది. ఆ స్థాయిలో చాలా మీటర్లు అంకె చూపించవు, 'హై' అని మాత్రం వస్తుంది. తాతయ్య రోజంతా నిద్రపోతున్నాడు, పేర్లు కలిపేస్తున్నాడు అంటే వయసు మీద తోసేయకండి.

మన దగ్గర ఎక్కువ నష్టం చేసే అలవాటు ఇంకోటి: నీరసం అనగానే దగ్గర్లోని ఆర్ఎంపీతో గ్లూకోజ్ సీసా ఎక్కించుకోవడం. ఐదు శాతం గ్లూకోజ్ ఉన్న అర లీటరు సీసాలో 25 గ్రాముల చక్కెర ఉంటుంది. సూది గుచ్చకముందే షుగర్ ఉందని చెప్పండి, ముందు మీటర్ పెట్టి చూడమనండి.

జ్వరం, విరేచనాలు ఉన్న రోజుల్లో తిండి తినలేదని ఇన్సులిన్ పూర్తిగా మానేస్తారు చాలామంది, అది ప్రమాదం. జబ్బు చేసినప్పుడు ఏమీ తినకపోయినా షుగర్ పెరుగుతుంది. డోసు ఎంత, ఏ మాత్రలు ఆపాలి అనేది డాక్టరును అడగండి, నాలుగు గంటలకోసారి చూసుకోండి, నీళ్లు కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు నీళ్లెంత తాగాలో కూడా అడగాలి. కాలి పుండుతో పాటు జ్వరం, ఎరుపు, వాపు ఉంటే షుగర్ ఎంతున్నా అదే రోజు చూపించాలి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రోగి బండి నడపకూడదు. మాత్రల అట్టలు, ఇన్సులిన్, మీటర్ అన్నీ ఒక కవర్లో వేసుకోండి, చివరి డోసు ఎన్నింటికి వేశారో చెప్పండి. కీటోన్లు చూశారా అని అక్కడ మీరే అడగండి.