మియోషి ఉమెకి నటజీవితాన్ని వరుసగా పరిశీలించడం ఎలా

పరాయి దేశం నుంచి హాలీవుడ్‌కు వెళ్లిన నటి గురించి తెలుసుకోవాలనుకునేవారు చాలామంది, ఆమెకు వచ్చిన అవార్డు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. 1957 నాటి ‘సయొనారా’లో నటనకు ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ అందుకున్న జపాన్ నటి మియోషి ఉమెకి విషయంలో ఇది మరీ అన్యాయం. ఆమె అమెరికాలో నటించిన సినిమాలు ఐదే. మిగిలిన కృషి పాటలోనూ, రంగస్థలం మీదా, టెలివిజన్‌లోనూ ఉంది. అందుచేత ముందుగా ఒక నోటుపుస్తకంలో సంవత్సరం, మాధ్యమం, పాత్ర అని మూడు గడులు గీసుకుని, ఆ పాత్ర తెర మీద ఏ పని చేస్తుందో రాయడానికి నాలుగో గడి పెట్టుకోండి. నా దృష్టిలో ఈ నాలుగోదే అసలైనది.

మొదట పాటలు వినండి. హొక్కైడో దీవిలోని ఒటారులో 1929లో పుట్టిన ఉమెకి, యుద్ధం ముగిశాక జపాన్‌లోని అమెరికన్ సైనికుల బ్యాండ్‌లతో పాడుతూ, నాన్సీ ఉమెకి అనే పేరుతో రికార్డులు ఇచ్చారు. 1955లో అమెరికా చేరాక అప్పటి ప్రముఖ వ్యాఖ్యాత ఆర్థర్ గాడ్‌ఫ్రీ టెలివిజన్ కార్యక్రమాల్లో పాడటమే ఆమెకు సినిమా దారి చూపింది. గొంతు పెంచకుండానే భావం పలికించే ఆ తీరు చెవికి పట్టుబడితే, తర్వాత ఆమె నటనలోని నిదానం ఎక్కడిదో తెలుస్తుంది.

‘సయొనారా’ను రెండుసార్లు చూడాలి. కొరియా యుద్ధకాలపు జపాన్‌లో సాగే ఈ కథలో ఆమె పాత్ర కత్సుమి, కెల్లీ అనే అమెరికన్ సైనికుడి భార్య. అతన్ని స్వదేశానికి పంపుతూ గర్భవతి అయిన భార్యను వెంట తీసుకెళ్లనివ్వకపోవడంతో ఇద్దరూ ప్రాణాలు తీసుకుంటారు. రెండోసారి కత్సుమి ఉన్న సన్నివేశాలను మాత్రమే, శబ్దం పూర్తిగా తగ్గించి చూడండి. మాటలు చాలా తక్కువగా ఉన్న ఆ పాత్రను ఆమె చూపుతో, చేతుల కదలికతో ఎంత నిండుగా నిలబెట్టారో అప్పుడు బోధపడుతుంది. అదే సినిమాలో కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకరీతికి చెందిన జపనీయ నటుడి పాత్రను మెక్సికోలో పుట్టిన రికార్డో మోంటల్బాన్‌కు ఇచ్చారన్న సంగతి కూడా పక్కన రాసుకోండి. జపనీయ పాత్రలు సైతం జపనీయులకు దక్కని రోజులవి.

తర్వాత ‘ఫ్లవర్ డ్రమ్ సాంగ్’ అనే సంగీత నాటకం. 1958లో న్యూయార్క్‌లోని ప్రసిద్ధ నాటకరంగమైన బ్రాడ్‌వే వేదిక మీదా, 1961లో సినిమాలోనూ మెయ్ లీ అనే చైనా యువతిగా ఆమే నటించారు కాబట్టి, నాటక బృందం రికార్డులో ఉన్న ‘ఎ హండ్రెడ్ మిలియన్ మిరకల్స్’ పాటనూ, సినిమాలోని అదే పాటనూ వెంటవెంటనే విని పోల్చవచ్చు. జపాన్ నటిని చైనా అమ్మాయిగా చూపడం అప్పటి నిర్మాతలకు అభ్యంతరమే కాలేదు.

చివరగా 1969 నుంచి 1972 వరకు అమెరికా టెలివిజన్ సంస్థ ఏబీసీలో ప్రసారమైన ధారావాహిక ‘ది కోర్ట్‌షిప్ ఆఫ్ ఎడ్డీస్ ఫాదర్’ చూడండి. ఇందులో ఆమె ఇంటిపని చూసుకునే మిసెస్ లివింగ్‌స్టన్. యజమానిని ‘మిస్టర్ ఎడ్డీస్ ఫాదర్’ అని పిలుస్తుంది. ఆస్కార్ అందుకున్న నటి పేరు ఎదురుగా నాలుగో గడిలో వంట, ఇల్లు సర్దడం అని రాయవలసి వచ్చినప్పుడు మనసు కష్టపడుతుంది, అయినా ఉన్నది ఉన్నట్టే రాయండి. అలా రాస్తూనే, పిల్లవాడితో ఆమె మాట్లాడే సన్నివేశాల్లోని ఆప్యాయతనూ నమోదు చేయండి, ఎందుకంటే పాత్ర చిన్నదైనా పనితనం చిన్నది కాదు.

ఆ ధారావాహికతో ఆమె నటనకు స్వస్తి చెప్పారు. 2007లో మిస్సౌరిలో కన్నుమూశారు. నడుమ ఉన్న సంవత్సరాలను ఊహలతో నింపకుండా ఖాళీగా వదిలి, తర్వాతి వరుసలో 2021 అని వేసి, అదే విభాగంలో ఆస్కార్ పొందిన కొరియా నటి యూన్ యో-జంగ్ ‘మినారి’లో చేసిన అమ్మమ్మ పాత్రను ఇదే పద్ధతిలో చూడటం మొదలుపెట్టండి.