రిపోర్టులో డోపమైన్ గ్రాహకం పేరు ఎర్రగా కనిపిస్తే

తమ్ముడికి స్కిజోఫ్రీనియా అని తేలిన మూడేళ్లకు నేను జన్యు పరీక్ష చేయించుకున్నాను. రిపోర్టులో, మెదడులో డోపమైన్ అనే రసాయన సంకేతాన్ని అందుకునే డీ2 గ్రాహకాన్ని తయారుచేసే డీఆర్‌డీ2 జన్యువు ఎదురుగా ఎర్ర అక్షరాల్లో ‘ముప్పు ఎక్కువ’ అని ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లల్ని కనాలా వద్దా అన్నంతవరకు వెళ్లింది ఆలోచన. మీకూ అలాంటి కాగితం వస్తే ఇలా చదవండి.

ముందు ఎరుపు వెనక ఉన్న అంకె వెతకండి. నాకది నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో దొరికింది: 1.1 రెట్లు. దేనికి 1.1 రెట్లు? జీవితకాలంలో ఈ జబ్బు సుమారు 100 మందిలో ఒకరికి వస్తుంది, అంటే 1000 మందిలో 10 మందికి. 1.1 రెట్లంటే 11 మంది. ఆ ఒక్కరి కోసమే అంత ఎరుపు! ఈ లెక్క మీ చేత్తో వేసి చూసుకోండి, గుండె కుదుటపడుతుంది.

తర్వాత, ఎంతమందిని పరిశీలించి ఆ మాట అన్నారో చూడండి. డీఆర్‌డీ3 అనే మరో డోపమైన్ గ్రాహక జన్యువులోని ఒక మార్పు గురించి 1990లలో కొద్దిమందిని చూసి చెప్పిన సంబంధం పెద్ద అధ్యయనాల్లో నిలవలేదు. టాక్1ఏ అనే మార్పును చాలాకాలం డీఆర్‌డీ2 ఖాతాలో వేశారు, నిజానికి అది పక్క జన్యువులో ఉంది. 2014లో 36,989 మంది రోగులతో జరిగిన అధ్యయనంలో ఈ జబ్బుతో ముడిపడిన 108 జన్యుస్థానాలు బయటపడ్డాయి. డీఆర్‌డీ2 వాటిలో ఒకటి, అంతే. తమ్ముడు వేసుకునే మాత్ర డీ2 గ్రాహకాన్నే అడ్డుకుంటుంది కనుక జబ్బుకు మూలం కూడా అదేననుకున్నాను. మందు పట్టే చోటు, జబ్బు పుట్టే చోటు ఒకటే కానక్కర్లేదు.

22వ క్రోమోజోములో ఒక ముక్క లోపించిందని రాసి ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అది ఉన్నవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి ఈ జబ్బు వస్తుంది.

నా రిపోర్టుకు నాకో తమ్ముడున్నాడన్న సంగతే తెలియదు. తోబుట్టువుకు జబ్బు ఉంటే మనకు ముప్పు 10 శాతం దగ్గర ఉంటుంది, మేనమామకు ఉంటే పిల్లలకు మూడు నాలుగు శాతం. అందుకే జన్యు సలహాదారు దగ్గరకు మూడు తరాల వివరాలు రాసుకుని వెళ్లండి: ఎవరికి, ఏ వయసులో, ఏమైంది. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి నెమ్మదిగా అడగండి. ఇల్లు విడిచి వెళ్లిపోయాడని మాత్రమే విన్న చిన్నతాతయ్య గురించి అమ్మ నాకు ఆ రోజే మొదటిసారి చెప్పింది.