ఫిజిక్స్, లెక్కలు, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు: సొంతంగా చదువుకోవాలంటే ఏ పుస్తకాలు, ఏ వరుసలో?

మార్కుల కోసం కాకుండా, తెలుసుకోవాలన్న ఆరాటంతో సైన్సు చదవాలనుకునే పిల్లలు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లకు పుస్తకాల పేర్లు దొరుకుతున్నాయి కానీ వరుస దొరకడం లేదు. ఎవరో గొప్పగా చెప్పారని వెయ్యి పేజీల పుస్తకం కొంటారు, రెండో అధ్యాయంలో ఆగిపోతారు, ‘ఇది నా వల్ల కాదు’ అని పక్కన పెట్టేస్తారు. నిజానికి ఆ పుస్తకం రెండేళ్లు ముందుగా చేతికి వచ్చిందంతే.

తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ, ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం దాకా ఉన్నవాళ్ల కోసం ఒక వరుస చెబుతాను. వీటిలో కొన్ని పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి, రాసినవాళ్లే పెట్టారు. షరతు ఒకటే. పుస్తకం పక్కన తెల్ల కాగితాలో, బ్యాటరీయో, కీబోర్డో ఉండాలి. చేతికి పని పెట్టకుండా చదివిన సైన్సు వారం తిరక్కుండానే మర్చిపోతాం.

మొదటి మెట్టు: కాలిక్యులస్ అంటే భయం పోగొట్టుకోండి

ఫిజిక్స్ పుస్తకాన్ని మధ్యలో మూసేసేవాళ్లలో ఎక్కువమందిని ఆపేది అందులోని కాలిక్యులసే, అంటే మార్పుల్ని లెక్కకట్టే గణితం. అందుకని ముందు దాని సంగతి చూడాలి. సిల్వానస్ థాంప్సన్ అనే బ్రిటిష్ ఫిజిక్స్ ప్రొఫెసర్ 1910లో ‘కాలిక్యులస్ మేడ్ ఈజీ’ అనే చిన్న పుస్తకం రాశాడు. మొదటి ముద్రణలో తన పేరు కూడా వేసుకోలేదు. కాపీరైట్ గడువు తీరిపోయింది కాబట్టి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ సైట్‌లో ఎవరైనా దించుకోవచ్చు. ‘డీ’ అంటే ‘కొంచెం’ అని, ఆ పొడుగాటి ‘ఎస్’ గుర్తు అంటే ‘అన్నీ కలిపితే’ అని మొదటి అధ్యాయంలోనే చెప్పేస్తాడు.

రెండో అధ్యాయంలో ఒక చతురస్రం బొమ్మ ఉంటుంది. దాన్ని చూసి ఊరుకోవద్దు, అంకెలు వేసి చేయండి. భుజం 100 అనుకుందాం, వైశాల్యం 10,000. భుజాన్ని 1 పెంచితే 101 ఇంటూ 101, అంటే 10,201. పెరిగింది 201. ఇందులో 200 ఎక్కడి నుంచి వచ్చింది? రెండు పక్కలా అతుక్కున్న రెండు పట్టీల నుంచి, ఒక్కోటీ 100. మిగిలిన 1 మూలన ఉన్న బుల్లి గడి. ఇప్పుడు భుజాన్ని 0.01 మాత్రమే పెంచండి. పట్టీలు రెండూ కలిపి 2. మూల గడి 0.0001, అంటే పట్టీల్లో ఇరవై వేలవ వంతు. దాన్ని వదిలేస్తే ఏమీ కాదు. 2ని 0.01తో భాగిస్తే 200, అంటే భుజానికి సరిగ్గా రెట్టింపు. ఇంటర్లో ‘ఎక్స్ స్క్వేర్‌కి డెరివేటివ్ టూ ఎక్స్’ అని బట్టీ పట్టించేది దీన్నే. కాగితం మీద ఒక్కసారి ఇలా గీసినవాళ్లు ఇక దాన్ని బట్టీ పట్టక్కర్లేదు.

మొదటి పది అధ్యాయాలు అయితే చాలు. మిగతావి అవసరం వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

రెండో మెట్టు: ఫిజిక్స్‌ని మూడు పుస్తకాల్లో ఎక్కండి

మొదటిది యాకోవ్ పెరెల్మాన్ రాసిన ‘ఫిజిక్స్ ఫర్ ఎంటర్‌టైన్‌మెంట్’. 1913లో రష్యన్‌లో వచ్చింది. సమీకరణాలు పెద్దగా ఉండవు, ప్రశ్నలు ఉంటాయి. ఉదాహరణకి, కుర్చీలో నిటారుగా కూర్చోండి. పాదాలు కుర్చీ కిందికి జరపకుండా, ఒళ్లు ముందుకు వంచకుండా లేవండి. ఎంత బలవంతుడైనా లేవలేడు. కూర్చున్నప్పుడు మన గురుత్వ కేంద్రం పాదాలకు వెనక ఉంటుంది. దాని నుంచి కిందికి గీసిన గీత పాదాల మధ్యకు వస్తేగాని నిలబడలేం. రోజుకి పదిసార్లు చేసే పనిలో ఇంత ఫిజిక్స్ ఉందని తెలిశాక పిల్లలు ఊరుకోరు, ఇంట్లో అందరినీ కుర్చీల్లో కూర్చోబెడతారు. ఏడో తరగతి పిల్లలకైనా ఇవ్వగలిగిన పుస్తకం ఇది. సోవియట్ కాలపు సైన్సు పుస్తకాలు ఒకప్పుడు విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికేవి. ఇంట్లో పెద్దవాళ్ల బీరువాలు ఒకసారి వెతకండి.

రెండోది హెచ్.సి. వర్మ ‘కాన్సెప్ట్స్ ఆఫ్ ఫిజిక్స్’, రెండు భాగాలు. జేఈఈకి చదివేవాళ్ల దగ్గర ఇది ఎలాగూ ఉంటుంది. కానీ మన దగ్గర దీన్ని వాడుతున్న తీరు నాకు నచ్చదు. నేరుగా ఆబ్జెక్టివ్ బిట్లలోకి దూకేస్తారు. ప్రతి అధ్యాయం చివర, బిట్ల కంటే ముందు, ‘క్వశ్చన్స్ ఫర్ షార్ట్ ఆన్సర్’ అని ఒక భాగం ఉంటుంది. పుస్తకం విలువంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. లెక్క కట్టక్కర్లేదు, ఆలోచించి రెండు మూడు వాక్యాల్లో జవాబు చెప్పాలి. ఆ ప్రశ్నలకు జవాబులు తెలుగులో రాయండి. రాయలేకపోయారంటే పాఠం ఇంకా ఒంటబట్టలేదన్నమాట. మళ్లీ వెనక్కి వెళ్లండి.

మూడోది ఫైన్‌మన్ లెక్చర్లు. అమెరికాలోని కాల్‌టెక్‌లో 1961 నుంచి 1963 దాకా రిచర్డ్ ఫైన్‌మన్ డిగ్రీ విద్యార్థులకు చెప్పిన పాఠాలు ఇవి. మూడు సంపుటాలూ కాల్‌టెక్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. విద్యార్థులకు తాను సరిగ్గా చెప్పలేకపోయానేమో అని ముందుమాటలో ఫైన్‌మనే సందేహపడ్డాడు. కాబట్టి మొదటి చదువులో అర్థం కాకపోతే దిగులు వద్దు. ముందు మొదటి సంపుటంలో నాలుగో అధ్యాయం తీయండి, శక్తి నిత్యత్వం గురించి.

ఆ అధ్యాయం ఒక కథతో మొదలవుతుంది. ఒక అల్లరి పిల్లాడి దగ్గర 28 దిమ్మలు ఉంటాయి. ఎంత విరగ్గొట్టినా విరగనివి. తల్లి రోజూ సాయంత్రం లెక్కపెడుతుంది. ఒకరోజు 27 ఉంటాయి, వెతికితే ఇంకోటి తివాచీ కింద దొరుకుతుంది. ఇంకోరోజు కొన్ని తగ్గుతాయి, బొమ్మల పెట్టె తెరవనివ్వడు. ఆమె పెట్టెని తూకం వేసి, ఖాళీ పెట్టె బరువు తీసేసి, ఒక దిమ్మ బరువుతో భాగిస్తుంది. మరోరోజు స్నానాల తొట్టిలో మురికి నీళ్లు ఎంత పైకి లేచాయో చూసి లెక్కకడుతుంది. చివరికి పొడవాటి సూత్రం తయారవుతుంది, జవాబు ఎప్పుడూ 28. శక్తి కూడా ఇంతే, కాకపోతే అక్కడ దిమ్మలు అంటూ ఏవీ లేవు, సూత్రాలే ఉన్నాయి అంటాడు ఫైన్‌మన్. స్థితిశక్తి, గతిశక్తి అని రెండు సూత్రాలు విడివిడిగా నేర్చుకున్న పిల్లలకు అవి రెండూ ఒకే లెక్కలోని అంకెలని ఇక్కడ తెలుస్తుంది. నా మటుకు నాకు, సైన్సు ఎలా రాయాలో చూపించడానికి ఇంతకంటే మంచి అధ్యాయం కనిపించలేదు.

మూడో మెట్టు: ఎలక్ట్రానిక్స్, సామాను కొన్నాకే పుస్తకం

ఇక్కడ వరుస తిరగబడుతుంది. ముందు ఒక బ్రెడ్‌బోర్డు (టంకం వేయకుండా వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టుకునే పలక), 9 వోల్టుల బ్యాటరీ, నాలుగు ఎల్‌ఈడీలు, కరెంటును అదుపు చేసే రెసిస్టర్లు కొన్ని, వోల్టేజీ కొలవడానికి ఒక చవకరకం మల్టీమీటర్ కొనండి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి. మిగతా ఊళ్లవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

తర్వాత టోనీ కుఫాల్ట్ రాసిన ‘లెసన్స్ ఇన్ ఎలక్ట్రిక్ సర్క్యూట్స్’ తెరవండి. ఉచితం. ఓమ్ సూత్రం (వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం) చదివిన రోజే ఎల్‌ఈడీ వెలిగించాలి. ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది, రెసిస్టర్‌కి మిగిలేది 7. 15 మిల్లీఆంపియర్లు చాలనుకుంటే 7ని 0.015తో భాగించండి, 467 ఓములు వస్తుంది. దుకాణంలో దొరికే దగ్గరి విలువ 470. దాని మీద పసుపు, ఊదా, గోధుమ రంగు పట్టీలు ఉంటాయి. కట్టాక మల్టీమీటర్‌తో రెసిస్టర్ రెండు కొనల మధ్య వోల్టేజీ కొలవండి. 7కి దగ్గరగా వచ్చిందంటే, బల్ల మీద వేసిన లెక్క లోకంలోనూ నిజమైనట్టే. రెసిస్టర్ లేకుండా ఎల్‌ఈడీని బ్యాటరీకి నేరుగా తగిలించవద్దు, కాలిపోతుంది. ఇంటి కరెంటు ప్లగ్గు జోలికి అసలు పోవద్దు. నేర్చుకునేవాళ్లకు బ్యాటరీ ఒక్కటే.

బొమ్మలతో నేర్చుకోవాలనుకుంటే ఫారెస్ట్ మిమ్స్ ‘గెటింగ్ స్టార్టెడ్ ఇన్ ఎలక్ట్రానిక్స్’ మంచిది. పుస్తకమంతా చేతిరాత, చేతి బొమ్మలే. హోరోవిట్జ్, హిల్ రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’ మాత్రం ఇప్పుడే కొనకండి. గొప్ప పుస్తకం, ఖరీదైనదీ, లావుదీ. సొంతంగా నాలుగైదు సర్క్యూట్లు కట్టి, అవి ఎందుకు పనిచేయలేదో తల గోక్కున్నాక తీస్తే అప్పుడు రుచి తెలుస్తుంది.

నాలుగో మెట్టు: స్విచ్చు నుంచి కంప్యూటర్ దాకా

చార్లెస్ పెట్జోల్డ్ ‘కోడ్’ పుస్తకం 1999లో వచ్చింది, 2022లో రెండో ఎడిషన్ వేశారు. రాత్రిపూట టార్చిలైటుతో స్నేహితుడికి సైగలు చేయడం దగ్గర మొదలై, టెలిగ్రాఫ్ రిలేల (కరెంటుతో కదిలే స్విచ్చుల) మీదుగా, పూర్తి కంప్యూటర్ దాకా తీసుకెళ్తుంది. కంప్యూటర్ సైన్స్‌లో చేరబోయే ప్రతి పిల్లా పిల్లాడూ కాలేజీ మొదలయ్యేలోపు దీన్ని చదవాలని గట్టిగా చెబుతాను.

చదివే ముందు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో మెట్ల లైటు చూడండి. కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు. మొదట రెండూ కిందికి ఉన్నప్పుడు లైటు ఆరి ఉందనుకోండి. ఏ ఒక్కదాన్ని పైకి నొక్కినా వెలుగుతుంది. రెండూ పైకి ఉంటే మళ్లీ ఆరిపోతుంది. ఈ నాలుగు స్థితులనూ కాగితం మీద సున్నాలు, ఒకట్లుగా రాయండి. సున్నాకి సున్నా కలిపితే సున్నా, ఒకటికి సున్నా కలిపితే ఒకటి, ఒకటికి ఒకటి కలిపితే బైనరీలో ‘ఒకటి సున్నా’. ఆఖరి అంకె సున్నా. మెట్ల లైటు చూపించేది సరిగ్గా ఆ ఆఖరి అంకెనే. మిగిలిన ఒకటి, అంటే చేతిలో ఉంచుకునే అంకె, కావాలంటే వేరే రెండు స్విచ్చుల్ని ఒక బ్యాటరీ, చిన్న బల్బుతో వరుసగా కలపండి. రెండూ వేస్తేనే వెలుగుతుంది. అంటే మెట్ల లైటుకి ఇంకో బల్బు జత చేస్తే కూడికలు చేసే యంత్రం మొదలైపోయినట్టే. స్విచ్చుల సర్క్యూట్లను జార్జ్ బూల్ తర్కగణితంతో (అవును, కాదు అనే రెండే విలువలతో నడిచే గణితంతో) రాయవచ్చని క్లాడ్ షానన్ 1937లో ఎంఐటీలో తన మాస్టర్స్ థీసిస్‌లో చూపించాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు.

‘కోడ్’ అయ్యాక అదే పనిని మీరే చేయాలనిపిస్తే నిసాన్, షాకెన్ రాసిన ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ కంప్యూటింగ్ సిస్టమ్స్’ ఉంది. ఒక్క నాండ్ గేటుతో (లోపలికి వచ్చే రెండూ ఒకట్లయితేనే సున్నా ఇచ్చే చిన్న సర్క్యూట్‌తో) మొదలుపెట్టి మీ కంప్యూటర్‌ని మీరే సాఫ్ట్‌వేర్‌లో కట్టుకుంటూ పోతారు. దానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ వాళ్ల నాండ్ టు టెట్రిస్ సైట్‌లో ఉచితం.

ప్రోగ్రామింగ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదటి భాష పైథాన్ అయితే అలెన్ డౌనీ ‘థింక్ పైథాన్’, ఉచితం. ఆ తర్వాత సీ నేర్చుకోవాలంటే కెర్నిఘన్, రిచీ రాసిన పలచటి పుస్తకం, 1988 నాటి రెండో ఎడిషన్. ప్రతి ప్రోగ్రామునీ టైపు చేయాలి, కాపీ పేస్ట్ చేయకూడదు. పైథాన్‌లో రెండు మూడు నెలలు చేయి తిరిగాకే సీ పుస్తకం ముట్టుకోండి.

ఇంగ్లీషు అడ్డొస్తే

తెలుగు మీడియం పిల్లలకు ఉన్న నిజమైన కష్టం ఇది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ముందు అదే పాఠాన్ని తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకంలో చదవండి. విషయం తెలిశాక ఇంగ్లీషు పేజీ సగం అర్థమైపోతుంది. నోట్‌బుక్ చివర త్వరణం, నిరోధం, అవకలనం లాంటి మాటల పక్కన ఇంగ్లీషు మాటలు రాసుకుంటూ వెళ్లండి. రెండు వందల మాటలు చేరేసరికి ఫిజిక్స్ పుస్తకం భాష పరంగా పెద్దగా కొరుకుడు పడనిది కాదు. పైగా ఫైన్‌మన్‌వి క్లాసులో మాట్లాడిన పాఠాలు, వాక్యాలు మాటల్లాగే ఉంటాయి.

తెలుగులోనే హాయిగా చదువుకోవడానికి మహీధర నళినీమోహన్ సైన్సు పుస్తకాలు, జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పత్రిక ఉన్నాయి. అరవింద్ గుప్తా వెబ్‌సైట్‌లో పారేసే వస్తువులతో చేసే సైన్సు బొమ్మలున్నాయి, వేల పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ముందు అది చూపించండి.

లెక్క తెగకపోతే ఏం చేయాలి

జార్జ్ పోల్యా 1945లో రాసిన ‘హౌ టు సాల్వ్ ఇట్’ ఈ సమస్య కోసమే పుట్టింది. ముందు లెక్క అర్థం చేసుకో, పథకం వేసుకో, అమలు చెయ్యి, తర్వాత వెనక్కి తిరిగి చూడు అంటాడు. మన పిల్లలు ఎగ్గొట్టేది ఆ నాలుగోది. జవాబు రాగానే తర్వాతి లెక్కకి పరుగెత్తుతారు. వచ్చిన జవాబు సబబుగా ఉందా, ఇంకో దారిలో చేసినా అదే వస్తుందా, ఒక అంకె మారిస్తే ఏమవుతుంది? ఒక్కో లెక్కకి ఐదు నిమిషాలు దీనికి కేటాయిస్తే చేసిన లెక్కల సంఖ్య తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది.

ఒకచోట మూడు రోజులకు మించి ఆగిపోతే ఆ పేజీకి గుర్తు పెట్టి ముందుకు వెళ్లండి. నెల తర్వాత తిరిగొస్తే చాలాసార్లు దానంతటదే విడిపోయి ఉంటుంది.

ఎప్పుడు, ఎక్కడ

ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్), జేఈఈ టెన్షన్ ఉన్న ఏడాదిలో వారానికి రెండుసార్లు అరగంట చాలు. ఆదివారం పొద్దున్న మంచి వేళ. ఎండాకాలం సెలవుల్లో ఒక పుస్తకం పూర్తి చేయవచ్చు. తల్లిదండ్రులకు ఒక్క మాట: ఈ అరగంటని ‘సిలబస్‌లో లేదు కదా’ అని లాగేసుకోకండి.

కొనేముందు కాలేజీ లైబ్రరీలో అడగండి, చాలా పుస్తకాలు ఎవరూ ముట్టుకోకుండా బీరువాల్లో పడి ఉంటాయి. పాత పుస్తకాలకు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్, కోఠి షాపులు ఉన్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలకు వెళ్తే మొదటిరోజు తిరిగి చూడండి, చివరి రోజుల్లో బేరమాడి కొనండి. వర్మ పుస్తకం మాత్రం పాతది తీసుకుంటే వెనక జవాబుల పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి, చాలా కాపీల్లో అవే ముందు చిరిగిపోతాయి.