పాత కారులో పెట్రోల్ ముల్లు మొరాయిస్తే: ట్యాంక్ విప్పే ముందు జాగ్రత్తలు

పాత కారులో పెట్రోల్ ముల్లు లేవకపోతే చాలామంది నేరుగా డిక్కీ తెరిచి, ట్యాంక్‌లోని సెండర్ (పెట్రోల్ మట్టాన్ని కొలిచి మీటర్‌కి చెప్పే పరికరం) విప్పడానికి దిగుతారు. మొదటిసారి నేనూ అదే చేశాను. సగం రోజు పోయింది, చొక్కా అంతా పెట్రోల్ వాసన. తీరా చూస్తే లోపం ఎర్త్ వైరు (కారు బాడీకి కలిపే తీగ) కింద పేరుకున్న తుప్పులో ఉంది. గరుకు కాగితంతో రెండు నిమిషాలు రుద్దితే సరిపోయేది. అందుకే ట్యాంక్ జోలికి ఆఖరున వెళ్లమంటాను.

బాగుచేసేదాకా ముల్లు మాట నమ్మొద్దు. ట్యాంక్ నిండా కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మైలేజీ లెక్కన సగం ట్యాంక్ అయిపోయిందనుకోగానే మళ్లీ పోయించండి. ఇది నడిరోడ్డు మీద ఆగిపోతామన్న టెన్షన్ కోసమే కాదు. పాత ట్యాంక్ అడుగున తుప్పూ మడ్డీ ఉంటాయి. చివరి చుక్కదాకా నడిపితే అవన్నీ ఫిల్టర్‌లోకి, కార్బ్యురేటర్‌లోకి వస్తాయి.

ఇక పరీక్షలు. పెట్రోల్ మీటరూ ఇంజిన్ వేడి మీటరూ రెండూ ఒకేసారి తప్పు చూపిస్తున్నాయా? అయితే ట్యాంక్‌ని అనుమానించే పనే లేదు. చాలా పాత బ్రిటిష్ కార్లలో ఈ రెండిటికీ కలిపి డ్యాష్‌బోర్డ్ వెనక ఒక చిన్న వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది. బ్యాటరీ వోల్టేజీని అది సగటున 10 వోల్టులకు దించుతుంది. దాని ఎర్త్ పోతే రెండు ముళ్లూ ఉండాల్సినదాని కన్నా పైకి పోతాయి. దాన్ని తప్పించి మీటర్‌కి నేరుగా 12 వోల్టులు ఇవ్వొద్దు, మీటర్ కాలిపోవచ్చు. కొత్త ఎలక్ట్రానిక్ స్టెబిలైజర్ కొనే ముందు మీ కారు పాజిటివ్ ఎర్తో నెగటివ్ ఎర్తో, అంటే బ్యాటరీ ఏ కొస బాడీకి కలిపి ఉందో చూసుకోండి. 1960ల దాకా పాజిటివ్ ఎర్త్ కార్లు చాలానే వచ్చాయి.

పెట్రోల్ ముల్లు ఒక్కటే తప్పు చూపిస్తుంటే సెండర్ వైరు తీసి ఎర్త్‌కి తాకించి చూసే పద్ధతి అందరికీ తెలిసిందే. కానీ ఫలితం అన్ని కార్లలో ఒకేలా ఉండదు. పైన చెప్పిన స్టెబిలైజర్ ఉన్న పాత బ్రిటిష్ కార్లలో ట్యాంక్ ఖాళీగా ఉంటే సెండర్ నిరోధం ఎక్కువ, నిండితే తక్కువ. కాబట్టి వైరు ఎర్త్ చేస్తే ముల్లు ఫుల్ వైపు వెళ్లాలి. 1960ల మధ్య నుంచి వచ్చిన చాలా జనరల్ మోటార్స్ కార్లలో దీనికి సరిగ్గా రివర్స్: ఖాళీకి 0 ఓమ్‌లు, ఫుల్‌కి 90. అక్కడ ఎర్త్ చేస్తే ముల్లు ఖాళీకి దిగుతుంది, వైరు ఊడదీసి వదిలేస్తే ఫుల్‌కి ఎక్కుతుంది. ఇది తెలియక బాగున్న మీటర్‌ని పారేసినవాళ్లున్నారు. మీ కారు మాన్యువల్ చూశాకే మొదలుపెట్టండి.

ఈ పరీక్షలో అసలు భయం నిప్పురవ్వ. కీ ఆన్‌లో ఉండగా ట్యాంక్ పక్కన వైరు తాకించొద్దు. కీ ఆఫ్ చేసి, వైరుని క్లిప్‌తో బాడీకి గట్టిగా బిగించి, అప్పుడు వెళ్లి కీ తిప్పండి. తీసేటప్పుడు కూడా ముందు కీ ఆఫ్, తర్వాతే క్లిప్. పాత బైమెటల్ మీటర్లలో (వేడికి వంగే లోహపు పట్టీతో పనిచేసేవి) ముల్లు నింపాదిగా కదులుతుంది, కంగారుపడొద్దు. అలాగని వదిలేయనూ వద్దు. ఫుల్ గీత దగ్గరికి రాగానే కీ ఆపేయాలి.

ముల్లు సరిగ్గా కదిలిందంటే మీటర్, వైరు బాగున్నట్టే. వైరుని తిరిగి సెండర్‌కి కలిపి, ఈసారి సెండర్ అంచు నుంచి బాడీకి, పెయింట్ లేని చోట, ఇంకో వైరు బిగించి చూడండి. ముల్లు సరిగ్గా చూపిందా, లోపం ఎర్త్‌లోనే ఉన్నట్టు, ట్యాంక్ విప్పే పని తప్పింది.

విప్పక తప్పకపోతే బయట, గాలి ఆడేచోట పెట్టుకోండి. గుంట ఉన్న షెడ్ అసలు వద్దు. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. గుంటలోకి జారి అక్కడే నిలుస్తుంది. గాలిలో 1.4 శాతం ఉన్నా చాలు, అంటుకుంటుంది. ఖాళీ ట్యాంకే కదా అనుకోవద్దు, నిండినదాని కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. ముందు బ్యాటరీ ఎర్త్ కేబుల్ తీసేయండి. పొడి రసాయనపు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉంచండి. వెలుగుకి సీల్ చేసిన ఎల్ఈడీ టార్చ్ చాలు, వేడెక్కే బల్బు దీపం వద్దు.

సెండర్ ట్యాంక్ పక్కవైపు ఉంటే దాని మట్టం కన్నా కిందికి పెట్రోల్ దించాకే విప్పాలి. నోటితో పీల్చడం మానేసి చేతి పంపు వాడండి. సెండర్‌ని ట్యాంక్‌కి పట్టి ఉంచే లాక్ రింగ్‌ని ఇనప ఉలితో కొట్టొద్దు, ఇత్తడి కడ్డీ అయితే రవ్వలు రావు. రింగ్ చుట్టూ ఉన్న దుమ్ము ముందే తుడవకపోతే అదంతా ట్యాంక్‌లోకే.

బయటికి తీశాక ఫ్లోట్‌ని (సెండర్ కడ్డీ చివర పెట్రోల్ మీద తేలే డొల్ల బుడ్డి) చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గలగలమంటే చిల్లు పడి పెట్రోల్ చేరినట్టు. అది తేలదు, మునుగుతుంది, ముల్లు ఖాళీ అంటుంది. దానికి టంకం పెట్టే సాహసం చేయొద్దు, కొత్తది వేయండి. ఫ్లోట్ బాగుంటే, దూరంగా తీసుకెళ్లి మల్టీమీటర్‌తో నిరోధం చూస్తూ, ఫ్లోట్ ఉన్న కడ్డీని కింది నుంచి పైదాకా నెమ్మదిగా కదపండి. అంకె ఎక్కడా ఎగిరిపడకుండా మారాలి. మధ్యలో తెగిపోతే లోపలి తీగ అరిగిపోయినట్టు.

బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్ మళ్లీ వాడొద్దు. ట్యాంక్ నింపాక సెండర్ చుట్టూ తెల్ల గుడ్డతో తుడిచి, మర్నాడు ఉదయం ఇంకోసారి చూడండి. నేనైతే ఐదేసి లీటర్లు పోస్తూ ముల్లు ఎక్కడ నిలిచిందో రాసుకుంటాను. నా కారులో సగం గీత అసలు సగం కానే కాదని అలాగే తెలిసింది.