నవల నుంచి స్క్రీన్‌ప్లే – 4వ పాఠం: మనసులో మాట కంటికి కనపడాలి

కిందటి పాఠంలో నవలని అధ్యాయాల వారీగా విడగొట్టి, వదలకూడని ఘట్టాలకు గుర్తు పెట్టుకున్నాం. ఆ జాబితా ముందు పెట్టుకోండి. అసలు కష్టమైన పని ఇవాళ మొదలవుతుంది.

నవలా రచయిత పాత్ర మనసులోకి నేరుగా వెళ్లిపోవచ్చు. కెమెరాకి ఆ వీల్లేదు. అది ముఖాన్ని, చేతుల్ని, గదిని చూపిస్తుంది, అంతే. కొత్తగా రాసేవాళ్లు ఇక్కడే టెన్షన్ పడి, నవల్లోని వాక్యాన్నే తీసుకెళ్లి వాయిస్ ఓవర్‌లో, అంటే తెర మీద మాట్లాడకుండానే వినిపించే గొంతులో, పెట్టేస్తారు. మొదట్లో నేనూ అదే చేశాను. పేజీలు చదవడానికి బాగానే ఉన్నాయి, చూడ్డానికి మాత్రం వాటిలో ఏమీ లేదు.

ఈసారి ఉదాహరణ ప్రైడ్ అండ్ ప్రెజుడిస్. జేన్ ఆస్టెన్ నవల 1813లో వచ్చింది, మొత్తం 61 అధ్యాయాలు. 2005లో జో రైట్ తీసిన సినిమా రెండు గంటల పైచిలుకు. స్క్రీన్‌ప్లే డెబొరా మోగాక్‌ది.

12వ అధ్యాయం తెరవండి. కథానాయిక ఎలిజబెత్ అక్క జేన్ జబ్బుపడి కోలుకుంది. ఎలిజబెత్ ఆమెతో కలిసి నెదర్‌ఫీల్డ్ (కథానాయకుడు డార్సీ అతిథిగా ఉంటున్న, అతని స్నేహితుడి ఇల్లు) నుంచి ఇంటికి బయల్దేరబోతోంది. తాను కోరుకున్నదానికంటే ఎక్కువగా ఎలిజబెత్ తనని ఆకట్టుకుంటోందని డార్సీకి తెలిసిపోయింది. అది బయటపడకూడదని శనివారమంతా ఆమెతో పట్టుమని పది మాటలు కూడా మాట్లాడడు, పుస్తకంలో తలదూర్చి కూర్చుంటాడు. ఇదంతా ఆస్టెన్ మనకు చెబుతుంది.

సినిమాలో దీనికి ఒక్క మాట కూడా వాడలేదు. బండి ఎక్కుతున్న ఎలిజబెత్‌కి డార్సీ చెయ్యందిస్తాడు. ఆమె ఉలిక్కిపడినట్టు చూస్తుంది. అతను వెనుదిరిగి నడిచిపోతుంటే ఆ చెయ్యి దగ్గరగా కనిపిస్తుంది. వేళ్లు బిగుసుకుని విచ్చుకుంటాయి. డ్యాన్సులో తప్ప పెళ్లికాని ఆడా మగా తాకడమే అరుదైన కాలం అది. పైగా అతని చేతికి తొడుగు లేదు. దాచుకోవాలనుకున్న మనిషిని చెయ్యి పట్టించేసింది. నవల్లో లేని ఈ చిన్న పని, ఆ పేరా సారమంతటినీ మోస్తోంది. ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇదే.

కాగితం మీద దీన్ని ఎలా రాస్తాం?

"డార్సీ మనసు చలించింది" అని రాయకండి. అది నటుడికి పనికి రాదు, కెమెరాకి అసలే పనికి రాదు. "డార్సీ వెనుదిరిగి నడుస్తాడు. ఆమెని పట్టుకున్న చెయ్యి. వేళ్లు విచ్చుకుంటాయి." ఇలా రాయండి. భావం పేరు ఎక్కడా రాకూడదు.

పనే కాదు, చోటు కూడా మనసుని చూపించగలదు. డార్సీ భవనం పెంబర్లీలో ఎలిజబెత్ అతని చిత్రపటం ముందు నిలబడి అతని గురించి కొత్తగా ఆలోచించడం నవల్లో ఉంది. సినిమాలో పటం బదులు పాలరాతి శిల్పం పెట్టారు. పెంబర్లీగా చూపించిన ఇంగ్లండ్‌లోని చాట్స్‌వర్త్ భవనంలో శిల్పాల మధ్య నడుస్తూ వచ్చిన ఆమె అతని ముఖం దగ్గర ఆగిపోతుంది. ఆగడమే సీన్.

అయితే చోటు మార్చినప్పుడల్లా లాభమే అనుకోవద్దు. డార్సీ మొదటిసారి పెళ్లి మాట ఎత్తేది నవల్లో నాలుగు గోడల మధ్య, సినిమాలో కుండపోత వానలో. వాన కంటికి బాగుంటుంది. కానీ తప్పించుకోవడానికి దారిలేని ఆ గదిలోని ఉక్కిరిబిక్కిరి సినిమాలో లేకుండా పోయిందని నా అభిప్రాయం. ఇంకో సంగతి గమనించండి. నవల్లో అక్కడ అతని మొదటి మాటల్నే ఆస్టెన్ నేరుగా రాసింది, ఎలిజబెత్ జవాబిచ్చేదాకా మిగతాదంతా తన మాటల్లో క్లుప్తంగా చెప్పేసింది. అలాంటి చోట డైలాగ్ మీరే పుట్టించాలి. దాని సంగతి 5వ పాఠంలో చూద్దాం.

ఇక అభ్యాసం. 36వ అధ్యాయంలో డార్సీ ఉత్తరం చదువుతూ ఎలిజబెత్ తన తప్పు తాను తెలుసుకుంటుంది. దాన్ని వాయిస్ ఓవర్ లేకుండా, డైలాగ్ లేకుండా అర పేజీలో రాయండి. రాసేదాకా సినిమాలో ఆ భాగం చూడకండి. ఒక్క సాయం చేస్తాను: ఇక పట్టించుకోకూడదనుకుని ఆమె ఉత్తరాన్ని గబగబా లోపల పెట్టేస్తుంది, అర నిమిషంలో మళ్లీ విప్పుతుంది. ఆ పని నవల్లోనే ఉంది, వాడుకోండి. రాశాక నవల చదవని మనిషికి ఇచ్చి, ఈమెకి ఏమైందో చెప్పమనండి. చెప్పలేకపోతే, ఉత్తరం పట్టుకున్న చేతుల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.