రచయితకు పండక్కి ఏం కొనాలి? (శాలువా మాత్రం వద్దు)

రాసేవాళ్లకు బహుమతి అనగానే మనవాళ్లకు మూడే గుర్తొస్తాయి: శాలువా, జ్ఞాపిక, పెన్ను సెట్టు. కాస్త పేరున్న తెలుగు రచయిత ఇంట్లో బీరువా తెరిస్తే శాలువాలు మీద పడతాయి. మన ఎండలకు కప్పుకోలేరు, ఎవరో ప్రేమగా కప్పారు కాబట్టి పారేయలేరు. జ్ఞాపికలకు దుమ్ము తుడవడం ఇంట్లోవాళ్లకు అదనపు చాకిరీ. సంక్రాంతికి మీరు కూడా ఇంకోటి పట్టుకెళ్లాల్సిన అవసరం లేదు. నేను కొనే పద్ధతి చెబుతాను.

ముందుగా ఆ మనిషి చేత్తో రాస్తారో, టైప్ చేస్తారో కనుక్కోండి. ఫోన్‌లో కథలు రాసేవాళ్లకు ఖరీదైన పెన్ను ఇస్తే అది పెట్టెలోనే ఉండిపోతుంది. వాళ్లకు ఫోన్‌కు కలిసే చిన్న బ్లూటూత్ కీబోర్డు, ఫోన్ నిలబెట్టే స్టాండు కొనండి. అంతే, వాళ్ల సంగతి అయిపోయింది.

చేత్తో రాసేవాళ్లకైతే రాజమండ్రి రత్నం పెన్ను. 1930ల నుంచి అక్కడ చేత్తో తయారుచేస్తున్నారు. ఎబొనైట్‌ది, అంటే గట్టి రబ్బరుది, డ్రాపర్‌తో ఇంకు పోసుకునేది తీసుకోండి. దాంతోపాటు ఫౌంటెన్ పెన్ను ఇంకే కొనండి. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు పోస్తే లోపల గడ్డకట్టి దారి పూడుకుపోతుంది. ఇంకు నల్లదే. నీలం బ్యాంకు ఫారాలు నింపడానికి. కాగితం 90 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) పైన ఉండాలి, గీతలు ఉండకూడదు. తేదీలు అచ్చేసిన డైరీ జోలికి అసలు పోవద్దు. జనవరి 4న ఏమీ రాయకపోతే ఆ ఖాళీ పేజీ ఏడాదంతా వెక్కిరిస్తూనే ఉంటుంది.

ఇక పుస్తకం. అందరూ బోల్తా పడేది ఇక్కడే. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం, రెండూ పండక్కి ముందే వస్తాయి. జనం వెళ్తారు, ముందు వరసలో కనబడ్డ పుస్తకం తీసుకుంటారు, పది శాతం తగ్గింపు వచ్చిందని సంతోషిస్తారు. ఆ పుస్తకం రచయిత దగ్గర ఎప్పుడో ఉంటుంది. లేకపోతే, వద్దనుకునే కొనకుండా వదిలేసి ఉంటారు.

కొత్త కవితా సంపుటాలు, కథల సంపుటాలు అసలు కొనవద్దు. రాసేవాళ్లకు తోటి రాసేవాళ్ల నుంచి అవి ఊరికే వస్తూనే ఉంటాయి. మొదటి పేజీలో ‘మీ అమూల్య అభిప్రాయం కోసం’ అని రాసి మరీ పంపుతారు. అంటే అది బహుమతి కాదు, పని. టేబుల్ మీద అలాంటివి గుట్టగా పడి ఉంటే మీరు ఇంకోటి పైన పెట్టకండి. ‘కథ రాయడం ఎలా’ లాంటి పుస్తకాలైతే ఇంకా ప్రమాదం. ఇరవై ఏళ్లుగా రాస్తున్న మనిషికి అది ఇవ్వడమంటే రాయడం రాదని ముఖం మీద చెప్పడమే.

మరి ఏది కొనాలి? రచయితను నేరుగా అడగవద్దు. ‘ఎందుకండీ ఇవన్నీ’ అంటారు తప్ప పేరు చెప్పరు. ‘ఇప్పుడేం రాస్తున్నారు?’ అని ఆరా తీయడం ఇంకా పెద్ద తప్పు. ఆ ఏడాది ఏమీ రాయనివాళ్లకు ఆ ప్రశ్నతోనే టెన్షన్ మొదలవుతుంది. మాటల్లో పెట్టి, ఒక్క ఫిర్యాదు కోసం ఓపిగ్గా కాచుకోండి. ‘నా దగ్గర ఉండేదండీ, ఎవరో చదివి ఇస్తానని పట్టుకెళ్లి మళ్లీ తిరిగివ్వలేదు.’ ఈ బాధ లేని రచయిత తెలుగునేల మీద ఉండరు. ఆ పోయిన పుస్తకమే మీరు కొనాల్సింది. ఫిర్యాదు బయటికి రాకపోతే వాళ్లింట్లో భర్తనో భార్యనో, పిల్లలనో అడగండి. ఏ పుస్తకం కోసం ఇల్లంతా తిరగేశారో వాళ్లకు బాగా తెలుసు.

పేరు తెలిసింది కదా అని పరుగెత్తకండి. ఎన్ని భాగాలో చూసుకోండి. మూడు భాగాల్లో రెండోది ఒక్కటే తెచ్చి ఇస్తే ఏడిపించినట్టు ఉంటుంది. అనువాదమైతే ఎవరి అనువాదమో కనుక్కోండి. వేరేవాళ్లది తెస్తే ‘బాగుందండీ’ అని పక్కన పెట్టేస్తారు.

అచ్చులో లేని పుస్తకమైతే ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద వెతకాలి. విజయవాడవాళ్లకు లెనిన్ సెంటర్ ఉంది. అట్ట చూసి మురిసిపోకండి, లోపల పేజీలు తిప్పండి. పుస్తకాన్ని ఫారాలుగా అచ్చేసి కుడతారు, ఎక్కువగా పదహారేసి పేజీలకు ఒక ఫారం. పాతవాటిలో ఒక్కోసారి ఒక ఫారం మొత్తం ఊడిపోయి ఉంటుంది, లేదా ఒకే ఫారం రెండుసార్లు పడి ఉంటుంది. 16, 32, 48 ఇలా ఫారం మారేచోట నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసుకోండి. చివరి నాలుగు పేజీలు తప్పనిసరిగా చూడండి, ముందు చిరిగేవి అవే. పురుగు తిన్న పొడి రాలితే ఎంత అరుదైనదైనా తీసుకోవద్దు. అది ఆయన అలమరలో మిగతావాటికీ పాకుతుంది.

ఎక్కడా దొరకలేదా? ఆ పుస్తకం రాసినవాళ్లు చనిపోయిన ఏడాది తర్వాత అరవై ఏళ్లు దాటితే మన చట్టం ప్రకారం కాపీరైటు ఉండదు. అలాంటి పుస్తకాన్ని ఏ గ్రంథాలయంలోనో దొరికించుకుని జిరాక్స్ తీయించి, మంచి క్యాలికో (బట్ట) బైండు చేయించండి. స్పైరల్ వద్దు, అలమరలో పక్క పుస్తకాల్ని గీరేస్తుంది. నా లెక్కలో కొత్త పుస్తకం కన్నా ఇదే గొప్ప బహుమతి. కొరియర్‌లో ఆర్డరు పెట్టి పంపేవాళ్లకు ఈ సంగతి చెప్పినా ఎక్కదు.

ఏ ఆచూకీ దొరకనివాళ్లకు ఒక్కటే దారి, నిఘంటువు. అదీ బ్రౌన్‌ది కాదు, అది అందరి దగ్గరా ఉంటుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశాలు వెతకండి. 1962లో వచ్చినది వ్యవసాయ పదాలది, 1971లోది చేనేతది. నాగలిలో ఏ భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో కావాల్సినవాళ్లు వాటిని దిండు కింద పెట్టుకుని పడుకుంటారు.

పుస్తకం మీద మీ పేరు పెన్నుతో రాయకండి. చిన్న చీటీ లోపల పెట్టండి, బిల్లు కూడా ఉంచండి. మెరుపుల కాగితం చుట్టవద్దు, న్యూస్‌పేపర్ చాలు. ఇచ్చాక నెలలోపు ‘చదివారా?’ అని అడగవద్దు.

ఆ రచయిత ఈ మధ్యే సొంత డబ్బుతో పుస్తకం వేసుకుని ఉంటే పైన చెప్పిందంతా పక్కన పెట్టండి. ఆ కట్టలు మంచం కిందే ఉంటాయి. ఉచితంగా ఇస్తామన్నా తీసుకోకుండా, డబ్బు చేతిలో పెట్టి ఐదు కాపీలు కొనండి, మీవాళ్లకు పంచండి. సంతకాలు అక్కడే పెట్టించుకోండి. ఎవరికి ఇవ్వాలో ఆ పేర్లు మాత్రం ముందే కాగితం మీద స్పష్టంగా రాసివ్వండి. ఒత్తు తప్పిందంటే ఆరో కాపీ కొనాల్సి వస్తుంది.